మైల పట్టని దుఃఖం

ఆదివారం, జులై 6, 2025

సింహపురి ఎక్స్‌ప్రెస్ నెల్లూరు చేరేసరికి బాగా పొద్దెక్కింది. స్టేషన్ బయట ఆటోవాళ్లు రెండే పేర్లు అరుస్తున్నారు. దర్గా, రంగనాయకుల గుడి. ఈ ఏడు మొహర్రం పదో రోజు, తొలి ఏకాదశి ఒకే ఆదివారం పడ్డాయి. బస్సుల్లో వచ్చినవాళ్లు, రైళ్లలో వచ్చినవాళ్లు, చంకలో పిల్లలు, చేతుల్లో టిఫిన్ క్యారియర్లు. నేను మూలాపేట అన్నాను. "ఇంతమంది రొట్టెల పండక్కి చెరువు కాడికి పోతుంటే మీరు ఇంటికేనా సార్?" అన్నాడు ఆటో అబ్బాయి.

ఆ ఇంటికి నలభై ఏళ్లుగా వస్తున్నాను. ఎప్పుడొచ్చినా నా స్నేహితుడు స్టేషన్లో ప్లాట్‌ఫారం మీదే ఉండేవాడు. నా పెట్టె లాక్కుని ముందు నడిచేవాడు. పేరు రాయను. తన పేరు అచ్చులో చూసుకోవడం వాడికి ఇష్టం ఉండేది కాదు.

తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో 1979 నుంచి 81 వరకు ఇద్దరం ఎం.ఏ. తెలుగు చదివాం. హాస్టల్లో ఒకటే గది. నేను తిక్కన మీద పరిశోధన చేసి, హైదరాబాదులో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. వాడు సర్టిఫికెట్లు బీరువాలో పెట్టేసి 1984లో ట్రంకు రోడ్డు పక్క సందులో క్యాసెట్ రికార్డింగ్ షాపు పెట్టాడు. 2003 దాకా నడిపి, తర్వాత దాన్నే జిరాక్స్ షాపు చేశాడు. పోయిన కార్తీకంలో పోయాడు. కిడ్నీలు.

గడప దగ్గరే ఆగిపోయాను. "రండన్నా, కాళ్లు కడుక్కోండి" అని వాడి భార్య చెంబుతో నీళ్లు తెచ్చింది. ఏకాదశి కదా, పేలాల పిండి గిన్నెలో పెట్టి ఇచ్చింది. బెల్లం, యాలకులు దంచి కలిపిన వాసన. వాడి కుర్చీ కిటికీ దగ్గరే ఉంది. దాని మీద ఎవరూ కూర్చోవడం లేదని చూడగానే తెలిసింది, ఉతికిన బట్టలు మడతపెట్టి పెట్టారు.

నన్ను ఇక్కడికి లాక్కొచ్చిన మాట ముందే చెప్పేస్తాను. వాణ్ని బోడిగాడితోట శ్మశానానికి తీసుకుపోయిన రోజు నేనూ ఉన్నాను. పెన్నలో స్నానం చేశాను. అంతటితో నా పని అయిపోయింది. మర్నాడు హైదరాబాదులో ఒక వైవా ఉంటే రాత్రి బండికే వెళ్లిపోయాను. వాడి దాయాది ఒకాయన బెంగుళూరులో ఉంటాడు. ఇరవై ఏళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఆయనకు పది రోజుల మైల పట్టింది. గడ్డం పెంచాడు, గుడికి వెళ్లలేదు, అడిగినవాళ్లకు "మాకు మైల" అని చెప్పుకున్నాడు. నేను మూడో రోజు కాలర్ ఇస్త్రీ చేసిన చొక్కాతో గెస్టు క్లాసు చెప్పాను. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. అడగడానికి కారణమూ లేదు. మా వాడి మాట ఎవరి దగ్గర ఎత్తాలో తెలియక అప్పట్నుంచి ఎనిమిది నెలలు అట్లాగే తిరిగాను. నిద్ర పట్టదు. పుస్తకం పట్టుకుంటే అదే పేజీ. డాక్టరుకు చూపిస్తే బీపీ ఉంది, టెన్షన్ తగ్గించుకోమన్నాడు.

శాస్త్రం స్నేహితుణ్ని పూర్తిగా మరిచిపోలేదు, నిజమే. మహాలయ పక్షంలో వదిలే తర్పణాల్లో తండ్రి వైపు, తల్లి వైపు, అత్తమామలు, అందరి వరసా అయ్యాక గురువుకీ స్నేహితుడికీ కూడా చోటుంది. కానీ చివర్లో ఉంది. మనిషి పోయిన ఆ పది రోజుల్లో ఏమీ లేదు.

సాయంత్రం రంగనాథస్వామి గుడికి వెళ్లాను. లోపలికి పోయే వీలు లేనంత జనం. గుడి వెనక పెన్న ఒడ్డున నిలబడ్డాను. జేబులో ఫోన్, ఫోన్లో వాడు పంపిన చివరి వాయిస్ మెసేజ్. ఇరవై నాలుగు సెకన్లు. "ఏందబ్బయా, ఒక డౌటు. స్త్రీ పర్వంలో కర్ణుడు తన కొడుకని కుంతి ఎప్పుడు చెప్తుంది? నీళ్లు వదిలేముందా, వదిలినాకనా? తీరిగ్గా చెప్పు, తొందరేం లేదు." నేను తీరిగ్గా చెబుదామనే ఊరుకున్నాను. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన చోటు అది. వాక్యంలో చెప్పేస్తే అన్యాయం, పద్యాలతో సహా వివరంగా పంపాలి అనుకున్నాను. పదకొండు రోజులకు ఫోన్ వచ్చింది.

సోమవారం, జులై 7

పొద్దున్నే ఆమె అటక మీంచి డబ్బా దింపించింది. పాతకాలం బిస్కెట్ల రేకు డబ్బా, మూత తుప్పు పట్టింది. "ఇది మీకు ఎప్పుడూ ఇయ్యలేదంట కదా. ఇప్పుడు చూసుకోండి."

ఆ డబ్బా సంగతి నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు. అప్పట్లో సినిమా పాటలు కావాలంటే జనం ఒక చీటీ రాసుకొచ్చేవాళ్లు. పాట మొదటి మాట, సినిమా పేరు. సినిమా పేరు తెలియకపోతే "ఆ వానలో పాట" అని. వాడు చీటీ చూసి, రికార్డులు వెతికి, ఖాళీ క్యాసెట్ మీదికి ఎక్కించేవాడు. అరవై నిమిషాల క్యాసెట్ అయితే ఒక వైపు ఏడు పాటలు, గట్టిగా సర్దితే ఎనిమిది. తొంభై నిమిషాలది వద్దనేవాడు, టేపు పల్చన, చుట్టుకుపోతుంది అని. కార్డు మీద పాటల పేర్లు తనే రాసేవాడు, ఎం.ఏ. జవాబు పత్రం రాసినంత శ్రద్ధగా. చీటీలు మాత్రం పారేయలేదు. వాటి మీద వ్యాసం రాస్తానని నేను ఎన్నోసార్లు అడిగాను. "జనం నన్ను నమ్మి ఇచ్చినయ్యి. నీ వ్యాసానికి కావు" అనేవాడు.

1988లో ఒక పత్రికలో రాశాను, సినిమా పాటకు కావ్యంతో సమానంగా పీట వేయకూడదని. వాడు చదివి పోస్టులో ఖాళీ క్యాసెట్ పంపాడు. చిన్న ఉత్తరం కూడా పెట్టాడు. "నీ వ్యాసం దీని మీద చదివి పంపు. షాపులో వినిపిస్తా. వినేవాళ్లు ఏమంటారో రాస్తా." నేను పంపలేదు. ఆ క్యాసెట్ ఇప్పటికీ నా దగ్గర ఖాళీగానే ఉంది.

మధ్యాహ్నం దాకా చీటీలు చూశాం. సిగరెట్ పెట్టె అట్ట లోపలి వైపు రాసినవి, పెళ్లి శుభలేఖ చింపి రాసినవి, స్కూలు రూళ్ల కాయితాలు, ఒకటి బస్ టికెట్ వెనక. కొన్నిటి మీద వాడు పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టాడు. విరిగిన గీత లాంటిది. అదేమిటని అడిగాను. ఆమెకు తెలుసు. "రేకులు విరిచినయ్యి."

క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రేకులు ఉంటాయి. అవి విరిచేస్తే ఇక దాని మీద వేరే పాట ఎక్కదు, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా దిగదు. మామూలుగా జనం విరవరు. విసుగొస్తే చెరిపి వేరే పాటలు వేయించుకోవచ్చు కదా. ఎవరైనా పోయినవాళ్ల కోసం పాటలు ఎక్కించమని వస్తే మాత్రం వాడు అడక్కుండా రెండు రేకులూ స్క్రూడ్రైవర్‌తో విరిచి ఇచ్చేవాడట.

"పోయినవాళ్ల కోసమని చెప్పి అడిగేవాళ్లా?"

"యాడ చెప్తారన్నా. చీటీ చూస్తే ఆయనకు తెలిసిపోయేది."

గుర్తున్న చీటీ ఒకటి తీసి చూశాను. ఒకే పాట పేరు. దాని కింద "రెండు వైపులా ఇదే". వెనక్కి తిప్పితే వాడి చేతిరాత, "ఏడు + ఏడు. మధ్యలో గ్యాప్ వద్దన్నాడు". ఇంకోటి ఆడమనిషి రాత. పన్నెండు పాటలు, అన్నీ డ్యూయెట్లు. కింద "ఇంటి అడ్రసుకు పంపవద్దు, నేనే వచ్చి తీసుకుంటా". తేదీ లేదు, పేరు లేదు. దాని మీద కూడా విరిగిన గీత.

ఆ చీటీ చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఎవరికోసం ఏడుస్తోందో ఇంట్లో చెప్పుకోలేని మనిషి. ఆమెకు కూడా మైల లేదు. తెల్ల కాయితం మీద పన్నెండు పాటల పేర్లు రాసి, ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక అపరిచితుడి చేతికి ఇవ్వడం తప్ప ఆమెకు వేరే కర్మ లేదు. ఆ అపరిచితుడు అర్థం చేసుకున్నాడు. మాట మాట్లాడకుండా రేకులు విరిచాడు.

వాడు కుంతి గురించి ఎందుకు అడిగాడో అప్పుడు నాకు తట్టింది. నిజంగా ఇందుకే అడిగాడని చెప్పలేను. కానీ కుంతి కష్టం కూడా అదే. కురుక్షేత్రంలో కొడుకులు పోయినవాళ్లందరూ బాహాటంగా ఏడుస్తున్నారు. గాంధారి ఏడ్చింది, ద్రౌపది ఏడ్చింది. కుంతి పెద్దకొడుకు కూడా అక్కడే పడి ఉన్నాడు. ఆమెకు ఏడవడానికి వరస లేదు. ఆ పర్వం నేను ముప్పై ఏళ్లు చెప్పాను. కరుణ రసం, విభావాలు, అనుభావాలు, మూలంతో తేడాలు, అన్నీ చెప్పాను. కుంతికి మైల లేదన్న మాట నా నోటి నుంచి ఒక్కసారి కూడా రాలేదు. మా వాడు కౌంటరు వెనక ఇరవై ఏళ్లు నిలబడి అక్కడికి చేరుకున్నాడు.

రాత్రి కోటమిట్టకు వెళ్లాం, గంధం చూడటానికి. అమీనియా మసీదు నుంచి పన్నెండు బిందెల్లో గంధం దర్గాకు బయల్దేరుతుంది. సందులో ఊపిరాడదు. పక్కన ఒక ముసలాయన నా భుజం పట్టుకుని నిలబడ్డాడు, నేను ఆయన మోచేయి పట్టుకున్నాను. బిందె దాటాక చూస్తే నా చొక్కా చేతికి పసుప్పచ్చ మరక.

మంగళవారం, జులై 8

రొట్టెల పండుగ తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. దర్గామిట్టలో నెల్లూరు చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా ఉంది. పన్నెండు మంది వీరుల సమాధులు. గండవరం దగ్గర యుద్ధంలో తలలు తెగిపడితే, మొండేలను గుర్రాలు ఇక్కడికి మోసుకొచ్చాయని చెబుతారు. ఆర్కాటు నవాబు భార్యకు జబ్బు చేస్తే ఈ సమాధుల దగ్గరి మట్టి నుదుట పెట్టుకుని కోలుకుందని, నవాబు వచ్చి మొక్కు తీర్చుకున్నాడని, రొట్టెలు అప్పట్నుంచి అని ఇంకో కథ. ఇప్పుడు లక్షల మంది వస్తారు. హిందువులు, ముస్లిములు అని విడదీయడానికి కుదరదు, అందరూ నెత్తిన కొంగో కర్చీఫో కప్పుకుని ఒకే నీళ్లలో ఉంటారు.

పద్ధతి ఇది. పోయినేడు కోరుకున్నది నెరవేరినవాళ్లు రొట్టె తెస్తారు. అదే కోరిక ఉన్నవాళ్లు వాళ్ల చేతి నుంచి తీసుకుని తింటారు. నెరవేరితే వచ్చే ఏడు వీళ్లు తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. చెరువంతా కేకలు. "పెళ్లి రొట్టె, పెళ్లి రొట్టె." "ఉద్యోగం రొట్టె ఎవరి కాడుందమ్మా?" "వీసా రొట్టె!" సొంతిల్లు, సంతానం, చదువు. ఎవరి రొట్టె వాళ్లే చేసుకుని తినడానికి లేదు. ముక్కూమొహం తెలియని ఒక మనిషి చేయి కావాలి.

పోయినేడు ఇదే చెరువులో మా వాడు ఆరోగ్య రొట్టె తీసుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. అప్పటికి వారానికి రెండు డయాలసిస్‌లు. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒకామె, "మా ఆయనకు నయమైంది నాయనా, నీకూ అవుతుంది" అని తుంచి ఇచ్చింది. వాడు మోకాళ్ల నీళ్లలో నిలబడి చిన్నపిల్లాడిలా నమలడం కళ్లముందే ఉంది.

నిన్న రాత్రే ఆమె గోధుమపిండిలో బెల్లం నీళ్లు పోసి పిండి కలిపింది. తెల్లవారుజామున నాలుగు రొట్టెలు కాల్చింది. మూడు చదువు రొట్టెలు, మనవరాలికి సీటు వచ్చింది. నాలుగోది విడిగా తెల్ల గుడ్డలో చుట్టింది.

"ఇదేందమ్మా?"

"ఆయన తిన్న రొట్టె. తిరిగి ఇయ్యాల కదా."

నెరవేరితేనే కదా ఇవ్వాలి అన్న మాట నా నోటి దాకా వచ్చింది, ఆపుకున్నాను. ఆమే చెప్పింది. "ఆమె ఎవరో, అంత దూరం నుంచి మోసుకొచ్చి ఇచ్చింది. మనిషి పోయినాడని ఆ ఋణం పోతుందా అన్నా?"

చెరువులోకి దిగాం. నీళ్లు పాచి వాసన, కాళ్ల కింద మెత్తటి బురద. చదువు రొట్టెలు మూడూ నిమిషంలో అయిపోయాయి, ముగ్గురు తల్లులు లాక్కున్నట్టే తీసుకున్నారు. నాలుగోది ఆమె విప్పి నా చేతిలో పెట్టింది. "మీరు ఇయ్యండి" అని ఒడ్డుకు వెళ్లి నిలబడింది.

ఏమని కేక వేయాలి? ఆరోగ్య రొట్టె అంటే అబద్ధం. తీసుకునేవాళ్లు నయమైన మనిషి రొట్టె అనుకుంటారు. చేతిలో రొట్టెతో నోరు మెదపకుండా పది నిమిషాలు నిలబడ్డాను. ఎండ నెత్తిన మండుతోంది. అరవై ఏళ్లుంటాయేమో, ఒక ఆడమనిషి వచ్చింది. మెడలో పసుపుతాడు, చేతిలో ఆసుపత్రి ఫైలు ప్లాస్టిక్ కవర్లో.

"ఏం రొట్టె సామీ?"

ఉన్నది చెప్పేశాను. "అమ్మా, నా స్నేహితుడు పోయినేడు ఆరోగ్యం కోసం తీసుకున్నాడు. బతకలేదు. ఇది నెరవేరని రొట్టె. వేరేవాళ్ల దగ్గర మంచిది ఉంటుంది, చూసుకో."

ఆమె కదల్లేదు. రొట్టె వంక చూసింది. "ఎన్నాళ్లుండాడు?"

"నాలుగు నెలలు."

"నాలుగు నెలలా?" ఆమె ముఖంలోకి వచ్చిన వెలుగు నేను మరిచిపోలేను. "మాకు డాక్టరు నెల చెప్పినాడు. ఇటియ్యి సామీ."

తుంచి ఇవ్వబోతే చేతులు వణికాయి. ఆమె నా చేతులను తన చేతులతో పట్టుకుని, రొట్టె విరిచి, సగం నోట్లో పెట్టుకుని సగం కొంగున ముడి వేసుకుంది, ఆయన కోసం. ఏ ఊరో అడగలేదు. ఆమె కూడా నన్నేమీ అడగలేదు. జనంలో కలిసిపోయింది.

నేను చెరువులోనే నిలబడి ఏడ్చాను. కార్తీకం నుంచి రాని ఏడుపు. చుట్టూ వేలమంది ఉన్నారు, ఎవరూ వింతగా చూడలేదు. ఒక కుర్రాడు వాటర్ ప్యాకెట్ కొరికి చేతికిచ్చి పోయాడు.

బుధవారం, జులై 9

ఒళ్లు నొప్పులు. ఎక్కువ తిరగలేదు.

సాయంత్రం చల్లబడ్డాక తిప్పరాజువారి వీధి దాకా నడిచాను. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం కుటుంబం ఇల్లు ఇక్కడే. తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పిన ఇల్లు. 2020 ఫిబ్రవరిలో బాలు గారు ఆ ఇంటిని వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. ఆ సెప్టెంబర్ 25న ఆయన లేరు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం వార్త తెలిశాక మా వాడు ఏం చేశాడో పక్కింటి ఆయన చెప్పాడు. కరోనా రోజులు, ఎవరూ ఎవరింటికీ పోని కాలం. వాడు పాత డెక్ తుడిచి అరుగు మీద పెట్టాడు. స్పీకర్లు వీధి వైపు తిప్పాడు. తెల్లవార్లూ పాటలు వేశాడు. జనం మాస్కులు కట్టుకుని ఎడంఎడంగా వీధిలో నిలబడ్డారు. ఆ రోజుల్లో సొంతవాళ్ల శవాల దగ్గరికి కూడా పోలేకపోయిన వాళ్లు అందులో ఉన్నారట. ఎవరికోసం ఏడుస్తున్నారో ఎవరూ అడగలేదు. బాలు పాటకు ఏడిస్తే ఎవరు అడుగుతారు? ఆ రాత్రి ఊరందరికీ ఒకే మైల.

1966లో మొదటి పాట పాడినప్పుడు ఆయనకు ఇరవై ఏళ్లు. ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా తెలుగువాళ్ల పెళ్లిళ్లలో, బస్సుల్లో, టీ కొట్లలో ఆ గొంతు ఉంది. 1988లో నేను రాసిన వ్యాసంలో పాటల సాహిత్యాన్ని తూచాను. వినేవాడు ఎవరి పక్కన కూర్చుని విన్నాడన్నది తూకంలోకి రానివ్వలేదు. ఆ వ్యాసం తప్పు. వాడు బతికుండగా ఈ మాట చెప్పి ఉండాల్సింది.

రాత్రి చేపల పులుసు, మామిడికాయ వేసి. నిన్న చేసింది. రెండో రోజు పులుసే రుచి అని వాడు అనేవాడు. ముగ్గురికి సరిపడా ఉంది.

గురువారం, జులై 10

గురు పౌర్ణమి. వ్యాసుడి పుట్టినరోజు అంటారు. పొద్దున్నే పాత విద్యార్థులు ఫోన్లు చేశారు. ఒకమ్మాయి "ఎక్కడున్నారు సార్" అని అడిగితే, "నెల్లూరులో, నా స్నేహితుడు పోయాడమ్మా, వాళ్లింటికి వచ్చాను" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదలు.

రాత్రికి బండి. డబ్బా తీసుకుపొమ్మంది ఆమె. వద్దన్నాను. అది ఆ అటక మీదే ఉండాలి. వ్యాసం రాసే ఉద్దేశం కూడా పోయింది.

మధ్యాహ్నం అరుగు మీద ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది. నేను స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. రాళ్లు ఏరుతూ, తలెత్తకుండా అడిగింది.

"ఇంతకీ ఎప్పుడు చెప్తుందన్నా?"

"ఎవరమ్మా?"

"కుంతి. ఆస్పత్రిలో నా పక్కనే కదా ఫోన్లో మీకు చెప్పింది. రోజూ చూసుకునేవాడు, మీ దగ్గర్నుంచి వచ్చిందా అని. వాడు తీరిగ్గా చెప్తాడులే అనేవాడు."

నాకు గొంతు పెగల్లేదు. ఆమె ఆగింది. చేట ఒళ్లో పెట్టుకుని ఎదురుచూసింది.

మొదటి నుంచి చెప్పాను. పుస్తకం లేదు, నోట్సు లేదు. ధృతరాష్ట్రుడు భీముడనుకుని ఇనుప విగ్రహాన్ని కౌగలించి నుగ్గు చేయడం. కళ్లకు కట్టిన గుడ్డ సందులోంచి గాంధారి చూపు పడి ధర్మరాజు కాలిగోళ్లు కమిలిపోవడం. ఎవరి భర్త ఎక్కడ పడ్డాడో, ఎవరి కొడుకు తల ఎక్కడుందో వెతుక్కుంటున్న ఆడవాళ్లు. అక్కడ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నేను ఆపబోతే చెప్పమని చేయి ఊపింది. తర్వాత చితులు, తర్వాత గంగ.

"అందరికీ నీళ్లు వదులుతున్నారమ్మా. పేరు పేరునా, అన్నలకు, తమ్ముళ్లకు, కొడుకులకు. కుంతి చూస్తూ ఉంది. ఇక ఆపుకోలేకపోయింది. అక్కడ, ఆ నీళ్ల ఒడ్డున చెప్పింది. కర్ణుడు మీ అన్న, నా కొడుకు, వాడికీ వదలండి అని."

ఆమె చేట పక్కన పెట్టింది. వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"వదిలినారా?"

"వదిలారమ్మా. ధర్మరాజు వదిలాడు."

"సరే" అని లేచి, ఏరిన బియ్యం తీసుకుని లోపలికి వెళ్లింది, బండి టైముకు అన్నం వండాలని.